గాలి మీద వేసిన తప్పు

ఎందుకు రాస్తున్నాను

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం అన్నం తిని పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది. పక్క మండలంలో లైన్‌మన్‌గా పనిచేస్తున్న రవి. నేను రిటైరయిన ఏడాదే అతను ఉద్యోగంలో చేరాడు. స్తంభం ఎక్కడం నా దగ్గరే నేర్చుకున్నాడు.

"మస్తాన్ గారూ, లైను కొట్టుకుని ఒకాయన మిరప కల్లంలో నిప్పురవ్వలు పడ్డాయండి. కాయల మీద కప్పిన రెండు టార్పాలిన్ పట్టాలు కాలిపోయాయి. కాయలు దక్కాయి. రిపోర్టులో ఏం రాయమంటారు? గాలి వల్ల అని రాసేస్తే సరిపోతుంది అంటున్నారు అందరూ."

ఆ "గాలి వల్ల" అన్న మాట నాకు పాత చుట్టం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన తప్పును కప్పింది అదే. పద్నాలుగేళ్ల తర్వాత ఒక పల్లె మొత్తానికి మంచినీళ్లు రాకుండా అడ్డం పడిందీ అదే. రవికి ఆ రోజు ఫోన్లో రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు శిక్షణలో అన్నీ చెబుతారు, ఇది మాత్రం చెప్పరు.

నా ప్రమోషన్లు, బదిలీలు, సర్వీసు రిజిస్టరు గొడవలు ఇందులో ఉండవు. అవి నాకే విసుగు.

దూదేకేవాడి కొడుకు

మాది పెదకాకాని పక్కన చిన్న ఊరు. మేము దూదేకులవాళ్లం. మా నాన్న హుస్సేనయ్య భుజాన పెద్ద విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. పరుపులు, బొంతలు కుట్టేవాడు. ఆ విల్లుకు కట్టిన తంతిని పని మొదలుపెట్టే ముందు ఒకసారి వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. నచ్చకపోతే విప్పి మళ్లీ బిగించేవాడు. నేనది రోజూ చూసి కూడా ఏమీ నేర్చుకోలేదు.

పదో తరగతి రెండోసారికి గట్టెక్కి ఐటీఐ చదివాను. కరెంటు శాఖలో హెల్పర్‌గా చేరితే పొదిలి వైపు వేశారు. ఆ ఊళ్లో నాకు తెలిసిన మనిషి లేడు. సాయంత్రం పూట ఎక్కడ కూర్చోవాలో తెలియక శాఖా గ్రంథాలయంలో కూర్చున్నాను. ఫ్యాను ఉంది, కుండలో చల్లటి నీళ్లున్నాయి. మొదట వాటికోసమే వెళ్లానని ఒప్పుకుంటాను. తర్వాత చేతికందిన పుస్తకం తీశాను. నక్షత్రాల మీద, తేనెటీగల మీద, ఓడల మీద, పాత రాజ్యాల మీద, ఏది దొరికితే అది. నా చదువంతా గ్రంథాలయం ముద్ర ఉన్న చదువే. డిగ్రీ చదివిన ఇంజనీర్లు నన్ను "పండితుడు" అని ఎగతాళి చేసేవాళ్లు. నాకు మాత్రం అది బిరుదులాగే వినబడేది.

ఆ గ్రంథాలయాధికారి ఆదినారాయణ గారు నాకు ఒకటే షరతు పెట్టారు. "చేతులు కడుక్కుని ముట్టుకో నాయనా. మీ గ్రీజు మరకలు నా పుస్తకాల్లో పేజీ గుర్తులవుతున్నాయి."

పొద్దున పై తీగ, మధ్యాహ్నం కింది తీగ

చేరిన రెండో ఏడాది, మార్గశిర మాసంలో, పొదిలికి కొంత దూరంలో ఒక ఊరి పొలాల మీదుగా కొత్త లైను లాగాం. మా లైన్ ఇన్‌స్పెక్టర్ సాంబయ్య గారు. గొంతు లేస్తే అవతలి ఊరికి వినబడేది, మనసు మాత్రం మెత్తన. ఆయనకు ఆ రోజు వేరే ఊళ్లో పని పడింది.

"ఒరేయ్ మస్తానూ, చూశావుగా ఎన్నిసార్లో. నువ్వే లాగించెయ్. తీగ మరీ బిగదీయకు, మరీ వదలకు. కంటికి అందంగా ఉండాలి, అంతే."

పొద్దున్నే చలిలో పై తీగ లాగించాను. కంటికి అందంగా కుదిరింది. అన్నాలు తిని, ఎండ బాగా ఎక్కాక కింది తీగ లాగాం. పొద్దున పై తీగకు కొలిచిన వంపే దీనికీ ఉంచి కట్టాను. సాయంత్రం సాంబయ్య గారు వచ్చి చూసి, "భేష్! ముగ్గు వేసినట్టుందిరా" అన్నారు. నేను పొంగిపోయాను.

ఇందులో తప్పేమిటో మీకు ఇప్పటికే తెలిసి ఉంటే మీరు నాకంటే తెలివైనవాళ్లు. వేడికి తీగ సాగుతుంది. చలిలో కట్టినది ఎండలో ఇంకా కిందికి వేలాడుతుంది. ఎండలో కట్టినది అప్పటికే కొంత సాగి ఉంది. రెండిటికీ ఒకే కొలత పెట్టాను గానీ రెండూ ఒకే తీరున లేవు. మర్నాటి నుంచే పై తీగ కింది తీగ మీదికి వాలడం మొదలుపెట్టింది. పైకి తలెత్తి చూసిన నాథుడు లేడు.

ఆ లైను పిచ్చయ్య గారనే రైతు కల్లం మీదుగా వెళ్లింది. మార్గశిరంలో అది ఉత్త నేల. చైత్రం వచ్చేసరికి ఏడాది పంటంతా అక్కడే ఎర్రగా పరుచుకుని ఉంటుంది. ఆ సంగతి స్తంభాలు పాతినవాళ్లం ఎవరమూ ఆలోచించలేదు. మేము పొలాన్ని చూసింది పని చేసిన ఆ వారం మాత్రమే.

చైత్రంలో ఒక మధ్యాహ్నం ఆ ఊరి హోటల్లో టీ తాగుతున్నాను. ముందు పొగ కనబడలేదు, దగ్గు వినబడింది. వీధి చివర ఎవరో దగ్గారు. తర్వాత ఇంకొకరు. చూస్తుండగా దగ్గు ఇల్లిల్లూ దాటుకుంటూ మా దగ్గరికి వచ్చింది. టీ పోసే ఆయన కళ్లు మూసుకుని టీ నా మోకాలి మీద పోశాడు. బస్సు నడిరోడ్డు మీద ఆగిపోయింది. డ్రైవరు కిందికి దిగి తువ్వాలు మొహాన కప్పుకుని కూర్చున్నాడు. గేదెలు తుమ్మడం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఎండు మిరప కుప్ప కాలితే అట్లా ఉంటుంది.

పరిగెత్తి వెళ్లేసరికి పిచ్చయ్య గారు, ఆయన భార్య శేషమ్మ గారు, కూలీలు తడి గోనెలతో కొడుతున్నారు. మధ్యాహ్నం గాలికి తీగలు రెండూ తగిలి రవ్వలు రాలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సగం కుప్ప మాత్రం పోయింది. పిచ్చయ్య గారు మిగిలిన కాయల పక్కన నిలబడి తీగల వైపు చూశారు, తర్వాత నా వైపు, అప్పుడే వచ్చిన సాంబయ్య గారి వైపు చూశారు.

సాంబయ్య గారు నన్ను పక్కకు లాగారు. "నువ్వేం మాట్లాడకు. గాలొచ్చింది, తీగలు కొట్టుకున్నాయి. గాలిని మనం తోలామా?" నేను అప్పటికి పర్మనెంటు కాలేదు. నోరు మూసుకున్నాను. రిపోర్టులో "గాలి వల్ల" అని పడింది. ఆయన నన్ను కాపాడాననుకున్నారు, నిజంగానే కాపాడారు. అందుకే ఆ తప్పు అంత కాలం బతికింది.

నిజం నాకు గ్రంథాలయంలో తెలిసింది. పిల్లల సైన్సు పుస్తకం ఒకటి తిరగేస్తుంటే రైలు పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారో రాసి ఉంది. చదువుతుండగానే నేను కట్టిన ఆ రెండు తీగలూ గుర్తొచ్చాయి. మర్నాడు తెల్లవారి ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి వెళ్లి వెదురు గడతో ఆ రెండు తీగల ఎత్తు కొలిచి చూశాను. అనుమానం తీరిపోయింది. సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు మా నాన్నకు చెబితే నవ్వాడు.

"పొద్దున సవరించిన తంతి మధ్యాహ్నం ఆ మాటే పలుకుతుందట్రా? నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా. నువ్వు పుస్తకాలనే అడుగుతావు."

ఆ లైనును అక్కణ్ణుంచి మార్చేశారు. తీగలన్నీ ఒకే పూట లాగడం నేను నియమం చేసుకున్నాను. పిచ్చయ్య గారికి మాత్రం ఏమీ చెప్పలేదు.

బోరులో పెళ్లికొడుకు

పద్నాలుగేళ్ల తర్వాత అదే సెక్షన్‌కు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా వచ్చాను. పిచ్చయ్య గారి చేను దాటితే మిట్ట మీద ఇరవై రెండు గడపల పల్లె ఉంది. మిట్టపల్లె అనేవాళ్లు. మిరపకోతలకు, పత్తితీతలకు వెళ్లే కుటుంబాలు. ఊరికి కరెంటు వచ్చి తరం గడిచినా మిట్ట మీద దీపం బుడ్డే. అప్పుడే వాళ్లకు బోరు వేశారు. మోటారు దించారు. ట్యాంకు కట్టి కుళాయి బిగించారు. లేనిది కరెంటు ఒక్కటే.

పల్లెలో మరియమ్మ అని పెద్ద మనిషి. నేను కొలతలకు వెళ్లిన మొదటి రోజే తగులుకుంది.

"ఏమయ్యా కరెంటాయనా, మోటారు పెళ్లికొడుకులాగా బోరులో కూర్చునుంది. పెళ్లికూతురేదీ?"

"వస్తుంది మరియమ్మక్కా. ముహూర్తం కుదరాలి."

"ఏ పంతులు కుదర్చాలి? పిచ్చయ్య నాయుడా?"

నిజమే, పంతులు ఆయనే. ఒక పక్క వాగు, ఒక పక్క బండ. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మిట్టకు తీగ వెళ్లాలంటే ఆయన ఎనిమిదెకరాల మీదుగానే వెళ్లాలి. ఆయన చెడ్డవాడు కాదు. పల్లెవాళ్లు అన్నాళ్లూ నీళ్లు తోడుకున్నది ఆయన బావిలోనే. కానీ మాఘం దాటితే ఆ బావిలో బొక్కెనకు బురద వచ్చేది. అప్పటికి పుష్యం నడుస్తోంది. ఆ బావి అడుగంటేలోపు కరెంటు రాకపోతే ఆడవాళ్లు వాగుకు అవతల రెండు మైళ్లు నడవాలి.

ఒకసారి వెళ్లి అడిగాను. కాదన్నారు. ఇంకోసారి వెళ్లి, తీగ ఎంత క్షేమమో లెక్చరు ఇచ్చాను. నా గ్రంథాలయ పరిజ్ఞానమంతా ఒలకబోశాను. ఆయన చుట్ట కాలుస్తూ మొత్తం విన్నారు.

"బాగా చెప్పావు మస్తానూ. ఒక్కటి చెప్పు. ఆ ఏడాది నా కల్లం ఎందుకు తగలబడింది?"

"అది... గాలికండి."

"అదే. మీ ఆఫీసుకు ఎన్నిసార్లు వెళ్లినా అదే చెప్పారు. ఇన్నేళ్లలో ఒక్కడు ఈ గుమ్మంలోకి వచ్చి, మా వల్ల జరిగింది పిచ్చయ్యా అనలేదు. గాలి ఇల్లెక్కడో చెప్పు, పోయి దాన్నే అడుగుతా. అప్పటిదాకా నా చేలో తీగ పడదు. నీళ్లు తోడుకోమను, ఎవరొద్దన్నారు?"

తిరిగి వస్తుంటే మరియమ్మ బావి దగ్గర నిలబడి ఉంది. చెంబులో నీళ్లు పోసి చేతికిచ్చింది. అడుగున మట్టి.

"ఇది గుడ్డలో వడకట్టిందే. ఇంకో నెలైతే వడకట్టడానికీ ఉండవు. ఆయన ఎందుకు ఒప్పుకోవట్లేదో నీకేమన్నా తెలుసా అయ్యా?"

"తెలియదక్కా" అన్నాను. ఆ నీళ్లు మింగుతూ ఆ మాట అన్నాను. ఒకే పూటలో అది రెండో అబద్ధం.

గాలి ఇంటికొచ్చింది

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. పిచ్చయ్య గారు అరుగు మీద పళ్లు తోముకుంటున్నారు. కూర్చోమనకుండానే కూర్చుని మొత్తం చెప్పాను. పొద్దున పై తీగ, మధ్యాహ్నం కింది తీగ, వెదురు గడ, రైలు పట్టాలు, అన్నీ. ఆఖరున, "గాలి కాదండి. నేను" అన్నాను.

ఆయన నోట్లో వేపపుల్ల అట్లాగే ఉంది. కొడతారేమో అనుకున్నాను. ఉన్నట్టుండి ఇంట్లోకి చూసి కేక పెట్టారు.

"ఏమే శేషూ! ఇట్రా! ఇన్నేళ్ల నుంచి వెతుకుతున్న గాలి వచ్చి మన అరుగు మీద కూర్చుంది!"

శేషమ్మ గారు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. సంగతి విన్నారు. నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

"నువ్వా? నాయనా, ఆ ఘాటు ఇంట్లోకి కొట్టగానే మా అత్త నేను పోపు మాడ్చానని తిట్టింది! కల్లం తగలబడిందని తెలిసిన తర్వాత కూడా, ముందొచ్చింది మాత్రం నా పోపు ఘాటే అంది. ఎన్నేళ్లు పడ్డానో ఆ మాట!"

నాకు నవ్వొచ్చింది, నవ్వకూడదని తల దించుకున్నాను. పిచ్చయ్య గారు మాత్రం నవ్వలేదు.

"ఇప్పుడెందుకు చెబుతున్నావు? సంతకం కోసమా?"

"సంతకం కోసమే వచ్చానండి. మీరు పెట్టకపోయినా ఇది చెప్పాల్సిందే. చాలా ఆలస్యంగా చెప్పాను."

"సంతకం కోసమేనని ఒప్పుకున్నావు. కాదని ఉంటే ఇప్పుడే తరిమేవాణ్ణి." పుల్ల తీసి ఉమ్మారు. "మూడు మాటలు. నడిచేలో స్తంభం వద్దు, గట్టు మీద పెట్టుకో. స్తంభానికి ఏటవాలుగా కడతారే, ఆ స్టే వైరు నా చేలోకి రాకూడదు. దానికి గొర్రు తగులుతుంది, ఎద్దు కాలు తగులుతుంది. మూడోది, వచ్చే చైత్రంలో నేను కాయలు పోసినప్పుడు, గాలి లేచే వేళ నువ్వొచ్చి ఆ తీగ పక్కన నా కల్లంలో కూర్చోవాలి. రవ్వ రాలితే ముందు నీ మీద రాలాలి."

సరేనన్నాను. ఆ రోజు నుంచి ఆ ఊళ్లో నా పేరు గాలి మస్తాన్. ఇప్పటికీ అదే.

వంకర గీత

గట్టు మీదుగా అంటే లైను వంపు తిరగాలి. ఎస్టిమేట్లో గీత తిన్నగా ఉంది. మా ఏఈ విజయలక్ష్మి గారు అప్పటికి వచ్చి మూడు నెలలు. కొత్త ఇంజనీరు, పైగా ఎస్టిమేటు మార్చాలంటే పైవాళ్లను ఒప్పించాలి. ఆవిడ కుదరదంటే నేను చేయగలిగింది లేదు. ఆవిడ కాగితం కేసి చూసి, "ఒకసారి నడిచి చూద్దాం పదండి" అన్నారు.

ముందు రోజు వాన పడింది. నల్లరేగడిలో పదడుగులు వేయగానే ఆవిడ చెప్పు ఒకటి నేల మింగేసింది. లాగితే పట్టీ మాత్రం వచ్చింది. రెండోది కూడా విప్పి చేత్తో పట్టుకుని గట్టంతా ఉత్త కాళ్లతో నడిచారు. వంపు తిరిగే స్తంభాన్ని బండ్లు వెళ్లే డొంక పక్కన పెడితే స్టే వైరు డొంక అంచులోనే పడుతుందని చూపించింది ఆవిడే.

"మేడమ్, రెండు స్తంభాలు ఎక్కువవుతాయి."

"గీత తిన్నగా ఉంది గానీ పొలం తిన్నగా లేదుగా మస్తాన్ గారూ. కాగితాన్నే వంచుదాం."

పదిమంది ఇంజనీర్ల దగ్గర పనిచేశాను. అందరూ చదువుకున్నవాళ్లే. చెప్పు పోయినా వెనక్కి తిరగని వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొత్తవాళ్లకు నా సలహా ఇదే, మీ అధికారి ఎలాంటివాడో ఆయన చెప్పులు చూసి తెలుసుకోండి.

ఆవిడ ఆఫీసు బీరువా అడుగు నుంచి ఒక పట్టిక తీశారు. ఎంత వేడిలో తీగకు ఎంత వంపు ఉంచాలో అందులో ఉంది. నేను హెల్పర్‌గా చేరినప్పటి నుంచీ అది ఆ బీరువాలోనే ఉందట. తలచుకుంటే ఏడుపూ నవ్వూ రెండూ వస్తాయి.

లాగే రోజు హైస్కూల్ సైన్సు మాస్టారు వెంకటేశ్వర్లు గారి దగ్గర థర్మామీటరు అడిగి తెచ్చాను. తీగలన్నీ ఒకే పూట, వరసగా లాగాం. బిగింపు చూడటానికి పుస్తకంలో చదివిన ఒక పద్ధతి వాడాను. స్తంభం దగ్గర తీగను చేత్తో ఒక చరుపు చరిస్తే అల ఒకటి అవతలి స్తంభం దాకా పాకి తిరిగి వస్తుంది. అది ఎంతసేపట్లో వచ్చిందో చూస్తే వంపు ఎంతో తెలుస్తుంది. తీగలన్నిటికీ ఒకే లెక్క రావాలి.

పిచ్చయ్య గారు గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చున్నారు. ఆగలేక లేచి వచ్చారు.

"ఏదీ, నన్నూ లెక్కపెట్టనీ."

నేను పైన చరిచాను. ఆయన కింద స్తంభానికి చెవి ఆనించి, కళ్లు మూసుకుని, అల తిరిగొచ్చేదాకా బడిపిల్లాడిలాగా గట్టిగా లెక్కపెట్టారు. "ఇదీ అంతే వచ్చింది. ఆ చివరిది మళ్లీ కొట్టు, నాకు అనుమానంగా ఉంది." మళ్లీ కొట్టాను. నిజంగానే తేడా ఉంది. సరిచేశాం. మా నాన్న ఉండి ఉంటే ఆయన్ను అక్కడే శిష్యుడిగా పెట్టుకునేవాడు.

మాఘంలో, బావి అడుగు కనబడిన వారానికి, మిట్టపల్లెకు కరెంటు ఇచ్చాం. స్విచ్చి వేసింది మరియమ్మ. కుళాయి ముందు దగ్గింది, తర్వాత తుప్పు నీళ్లు కక్కింది, తర్వాత తెల్లగా వచ్చింది. మరియమ్మ బిందె పెట్టలేదు. రెండు చేతులూ దాని కింద పెట్టి నిలబడింది. వెనక వరసలోవాళ్లు, "ఏయ్ ముసలీ, జరుగు!" అని అరుస్తున్నా కదల్లేదు.

కల్లంలో కూర్చున్న రోజు

చైత్రంలో మాట ప్రకారం వెళ్లాను. కల్లమంతా ఎర్రగా ఉంది. ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. గట్టు మీది తీగలకు దగ్గరగా పిచ్చయ్య గారు నాకోసం గోనె పరిచి ఉంచారు. కూర్చున్నాను. గ్రంథాలయం పుస్తకం తీసుకెళ్లాను గానీ ఒక్క పేజీ చదవలేదు.

మధ్యాహ్నం గాలి లేచింది. పట్టాల అంచులు ఎగిరాయి. తీగలు ఊగాయి. అన్నీ కలిసి ఒక పక్కకు వెళ్లి, కలిసి ఇవతలికి వచ్చాయి. దేన్నీ ఏదీ తాకలేదు. ఏరేవాళ్లు కూడా పని ఆపి పైకి చూశారు. మరియమ్మ వాళ్లతోనే ఉంది.

"గాలి మస్తాన్ కూర్చున్నాడని గాలి భయపడిందే!" అంది. అందరూ నవ్వారు.

పొద్దు వాలేదాకా నేను లేవలేదు. మెడ పట్టేసింది, ముక్కు కారింది, కళ్లు మండాయి. అప్పుడు పిచ్చయ్య గారు వచ్చి నా పక్కన చతికిలబడ్డారు.

"ఇక చాల్లే, లే. దాహం వేస్తుందా?" అని మరియమ్మ వైపు తిరిగారు. "మరియమ్మా, మీ కుళాయి నీళ్లు ఇట్లా తే. మా బావి ఎండిపోయి నెలైంది."

మిట్ట మీద కుళాయి నుంచి పట్టి తెచ్చిన బిందెలోంచి ఆమె ముందు ఆయనకు పోసింది, తర్వాత నాకు పోసింది. అడుగున మట్టి లేదు.

వీళ్లకు నా నమస్కారం

నన్ను నోరు మూసుకోమని కాపాడిన సాంబయ్య గారికి, ఆయన అరుపులన్నిటికీ. చేతులు కడుక్కోమన్న ఆదినారాయణ గారికి. థర్మామీటరు ఇచ్చి, పగలగొడితే ఊరుకోనన్న వెంకటేశ్వర్లు మాస్టారికి. కాగితాన్ని వంచిన విజయలక్ష్మి గారికి, ఆ రేగడిలో ఇప్పటికీ ఉన్న ఆవిడ చెప్పుకు. రోజూ తంతి విని చూపించిన మా నాన్న హుస్సేనయ్యకు, వినని నన్ను కన్న మా అమ్మ బీబమ్మకు. మట్టి నీళ్లు చేతికిచ్చి నా రెండో అబద్ధాన్ని నాకు మింగుడు పడకుండా చేసిన మరియమ్మకు. మాడని పోపుకు మాటలు పడ్డ శేషమ్మ గారికి, నా తరఫున క్షమాపణ కూడా.

రవికి ప్రత్యేకంగా. ఆ రోజు ఫోన్లో నేను అతనికి చెప్పింది ఇంతే: "రిపోర్టు తర్వాత. ముందు ఆయన ఇంటికి వెళ్లు." వెళ్లాడు. ఆ రైతు గంటసేపు తిట్టి, ఆఖరున మజ్జిగ ఇచ్చాడట. రిపోర్టులో "తీగ వదులు వల్ల" అని రాశాడు. ఉద్యోగం ఏమీ పోలేదు.

అందరికంటే ఎక్కువగా పిచ్చయ్య గారికి. ఇప్పుడాయనకు చూపు సరిగా లేదు. కిందటి నెల వెళితే చెయ్యి పట్టుకుని గట్టు దాకా నడిపించమన్నారు. స్తంభానికి చెవి ఆనించి, "కొట్టు" అన్నారు. అట్లా ఎవరికి తోస్తే వాళ్లు కరెంటు ఉన్న తీగను ముట్టుకోకూడదని చెప్పాను. సబ్‌స్టేషనుకు ఫోన్ చేసి, లైను ఆపించి, నా దగ్గర నేర్చుకుని ఇప్పుడు అక్కడే లైన్‌మన్‌గా ఉన్న ఇంకొకణ్ణి పైకి ఎక్కించి కొట్టించాను. ఆయన కళ్లు మూసుకుని లెక్కపెట్టారు.

"సరిగ్గా అంతే ఉంది," అన్నారు. "పద, ఇంటికి పోదాం."